రాహేలు మూడో చుక్క

మా చిన్నప్పుడు... మైదుకూరులో మా పక్క వాటాలోకి గుంటూరు వైపు నుంచి ఒక బ్యాంకు ఆయన కుటుంబం బదిలీ మీద వచ్చింది. తెలుగువాళ్ళే, కానీ యూదుల ధర్మం పాటించేవాళ్ళు. శుక్రవారం పొద్దుగూకక ముందే ఇల్లాలు సారమ్మగారు దీపాలు వెలిగించి, పొయ్యి ఆర్పేసేవారు. మళ్ళీ శనివారం చుక్కలు పొడిచాకే అంటించడం. వాళ్ళకు రోజు మొదలయ్యేదే సాయంత్రమట!

మా అవ్వకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "పొద్దు మునిగితే దినం అయిపోతాది గానీ, మొదలయ్యేదేందమ్మా?" అనేది.

వాళ్ళమ్మాయి రాహేలు నా ఈడుదే. ఏడాదికోసారి వాళ్ళకు ప్రాయశ్చిత్త దినం... పెద్ద ఉపవాసం. సాయంత్రం మొదలుపెడితే మర్నాడు మూడు చుక్కలు కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. చిన్నపిల్లలు ఉండనక్కర్లేదు. కానీ అంతకు ముందేడు మధ్యాహ్నానికే తినేసిందని వాళ్ళన్న రాహేలును ఏడాదంతా ఆటపట్టించాడు. అందుకని ఈసారి పూర్తిగా ఉండి తీరతానని పట్టుబట్టింది.

మా కడప ఎండ సంగతి మీకు చెప్పాలా... వానాకాలం పోతున్నా తగ్గదు. సాయంత్రానికి పిల్ల మొహం వాడిపోయింది. అందరం మిద్దె ఎక్కాం. పొద్దుగూకింది... సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మింది.

అవ్వ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేది. ఒక్క చుక్క కనబడితే చాలు, భోంచేసేది. ఆ అలవాటు కొద్దీ, మబ్బు సందున ఒక చుక్క మెరవగానే చెంబు నిండా పానకం తెచ్చేసింది.

"తాగు తల్లీ, చుక్క పొడిచిండాది. నాలుక పిడచగట్టుకపోయింటాది."

రాహేలు చెంబు అందుకుంది. నోటిదాకా ఎత్తి, ఆగింది. "ఎన్ని చుక్కలు మామ్మగారూ?"

"ఒగటి. మాకు ఒగటి చాలు."

చెంబు కింద పెట్టేసింది. కళ్ళ నిండా నీళ్ళు. సారమ్మగారు కూతురి పక్కన కూర్చుని, "తాగెయ్యమ్మా, చిన్నదానివి, తప్పులేదు" అన్నారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

అవ్వ నొచ్చుకుంటుందేమోనని నాకు భయమేసింది. అవ్వ మాత్రం కొంగు నడుముకు దోపి, పిట్టగోడ దగ్గరికి పోయి వీధిలోకి కేకేసింది.

"ఏమప్పా, రవ్వంతసేపు ఆ లైట్లు ఆర్పండి! ఈడ పిల్ల ఉపాసముండాది, చుక్కలు కనపడల్ల!"

ఒక్కో ఇంట్లో బల్బు ఆరిపోయింది. ఎదురింటి మస్తాన్ సాబు కూడా వాళ్ళ మిద్దె ఎక్కి, "రంజాన్ నెలవంకను పట్టినోన్ని, నాకు చుక్కలొక లెక్కా?" అన్నాడు. రెండోది ఆయనకే కనబడింది. మూడోదాని కోసం వీధంతా మెడలు నొప్పిపుట్టేలా చూస్తోంది. అవ్వ దూరాన కొండ మీది గుడి దీపం చూపించి "అదో, అదే!" అంది. అంత నీరసంలోనూ రాహేలుకు నవ్వొచ్చింది.

చివరికి మబ్బు విడిపోయింది. మూడోదేమిటి... ఆకాశం నిండా చుక్కలే! రాహేలు చెంబెత్తి గటగటా తాగింది. "మెల్లగా తల్లీ, పొలమారుతాది" అంటూ అవ్వ వీపు నిమిరింది. ఆ తర్వాతే సారమ్మగారు నీళ్ళు ముట్టారు.

ఇప్పుడు పొద్దు ఎప్పుడు గూకుతుందో ఫోనే నిమిషంతో సహా చెప్పేస్తోంది. ఎవరింట్లో ఎవరు ఉపవాసమున్నారో పక్కింటికి తెలియదు. ఒక పిల్ల నీళ్ళు తాగాలని వీధి వీధంతా దీపాలార్పుకుని ఆకాశం వైపు చూసిన సాయంత్రం... తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ మిద్దె ఎక్కి మూడు చుక్కలు లెక్కపెట్టుకుంటాను.

మీ వీధి అలా ఒక్కరి కోసం ఎదురుచూసిన సాయంత్రం ఏదైనా ఉంటే, కింద రాయరూ...