అటు అంటే ఎటు

ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు. మనిషి తెలిసినవాళ్ళు తక్కువ. మందుల షాపుకీ మెట్లకీ మధ్య ఉన్న ఇరుకు గదిలో కూర్చుని, ఏ వార్డుకు ఏ నంబరో, ఏ డాక్టరు ఏ పూట చిరాకుగా ఉంటాడో అంతా కంఠతా పెట్టుకుని ఏళ్ళ తరబడి లైన్లు కలుపుతోంది. ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఆమెను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. దాని గురించి ఆమె బాధపడగా ఎవరూ చూడలేదు. ఆమెకు ఉన్నదల్లా కోపం. అదీ చూపు లేనందుకు కాదు, చూపున్నవాళ్ళ మీద.

ఆ కోపానికి ఒక దారి దొరికింది ఆమె గోతిలో పడ్డ తర్వాత.

ఆసుపత్రి ముందు వీధిలో నీళ్ళ పైపు కోసం గొయ్యి తవ్వి, చుట్టూ ఒక తాడైనా కట్టకుండా పనివాళ్ళు భోజనానికి పోయారు. కర్రతో తడుముకుంటూనే వస్తోంది పాపం. తవ్విపోసిన మట్టి దాటగానే కాలు గాల్లో పడింది. మణికట్టు విరిగింది. పురపాలక ఆఫీసుకు ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబును వదిన చదివి వినిపించింది. సదరు గొయ్యి పట్టపగలు అందరికీ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నందున కార్యాలయానికి ఎటువంటి బాధ్యతా లేదని అందులో ఉంది.

"అందరికీ అట," అంది వదిన, కాగితం మడుస్తూ.

ఇద్దరూ ఒక లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆయన ఉన్నంతసేపూ వదినతోనే మాట్లాడాడు.

"ఆవిడ అలా ఒంటరిగా ఎందుకు తిరుగుతున్నారండి? ఇంట్లో మగవాళ్ళు లేరా?"

"లాయరుగారూ," అంది ఆపరేటరమ్మ. "విరిగింది చెయ్యి. చెవులు బాగానే ఉన్నాయి. నన్నడగండి."

ఆయన నవ్వాడు. "చాలా చురుగ్గా ఉన్నారే," అన్నాడు, మళ్ళీ వదినతోనే. "కానీ ఆవిడకి మీరే నచ్చచెప్పాలి. ఇలాంటివి కోర్టులో నిలబడవు. చూపులేని మనిషిని వీధిలోకి వదిలారని తప్పు తిరిగి మీ మీదకే వస్తుంది."

ఆపరేటరమ్మ మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. వదిన మోచేయి పట్టుకుని నడుస్తూ, మలుపు దగ్గర ఆగింది.

"లాయరు కావాలంటే ఏం చదవాలి వదినా?"

"ముందు ఆ చేతి కట్టు విప్పనీ అమ్మడూ," అంది వదిన.

కట్టు విప్పారు. ఆ మాట మాత్రం వదల్లేదు. దూరవిద్యలో ఎప్పుడో పూర్తి చేసిన డిగ్రీ ఉంది కాబట్టి లా కాలేజీలో చేరొచ్చు. ముందు ప్రవేశ పరీక్ష రాయాలి. లారీలు బాగుచేసే అన్నయ్య ఈ సంగతి విని, గ్రీజు చేతులతోనే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఉన్న ఉద్యోగానికి ఏం లోటు? హాయిగా కూర్చుని చేసుకునే పని."

"కూర్చునే చేస్తున్నా అన్నయ్యా. ఒకసారి నిలబడి మాట్లాడాలనుంది."

అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

కోచింగ్ సెంటరు గుమాస్తా ఎంతో మర్యాదగా, మా సార్లు అంతా బోర్డు మీదే రాస్తారండీ, మీరు కూర్చుని ఏం చేస్తారు అన్నాడు. అక్కడికి ఆ దారి మూసుకుంది. పరీక్షకు పనికొచ్చే పుస్తకమేదీ బ్రెయిలీలో లేదు. ఎవరో పంపిన పుస్తకం ఫోన్లో పెడితే, అక్షరాలను పైకి చదివి వినిపించే ఫోను గొంతు ప్రతి పేజీకీ "చిత్రం" అని ఊరుకుంది. పేజీలన్నీ ఫోటోలు తీసి పంపారట. సగం రోజు ఫోనును తిట్టి, మిగతా సగం ఫోటోలు తీసినవాణ్ణి తిట్టి, చివరికి ఆపరేటరమ్మ వదిన కాళ్ళావేళ్ళా పడింది.

వదిన ఇంట్లో బట్టలు కుడుతుంది. నోరున్న మనిషి. చదివిపెట్టడానికి ఒప్పుకుంది గానీ, నోరు మూసుకుని చదవడం ఆమెవల్ల కాలేదు.

"ఎనిమిది మంది గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారు," అని మొదలుపెట్టేది, మిషను తొక్కుతూ. "డాక్టరుకు ఎడమ పక్కన టీచరు లేదు. ఇంజినీరుకు ఎదురుగా నర్సు ఉంది. గుమాస్తా, నర్సు పక్కపక్కన కూర్చోరు. ఎందుకు కూర్చోరు? వాళ్ళకేం వచ్చింది?"

"అది మనకి అనవసరం వదినా."

"అనవసరమేంటి, ఏదో గొడవుండే ఉంటుంది. లేకపోతే అంత పట్టింపేంటి? అయినా ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే లాయరుకెందుకు?"

"నువ్వు చదువు."

ఆ గుండ్రని బల్లకు వదినే ఒక దారి కనిపెట్టింది. భోజనం కంచం బోర్లించి, దాని అంచు చుట్టూ గుండీలు పేర్చింది. రెండు బొక్కల గుండీ డాక్టరు, నాలుగు బొక్కలది టీచరు, ఇత్తడిది ఇంజినీరు, గుడ్డ చుట్టింది నర్సు. ఆపరేటరమ్మ వేళ్ళు వాటి మీద తిరిగేవి, ఒకదాన్ని జరిపేవి, వెనక్కి తెచ్చేవి. కొన్నాళ్ళకు వదిన వాక్యం పూర్తి చేసేలోపే జవాబు వచ్చేది. చట్టం మీద ప్రశ్నలు వచ్చినప్పుడు మాత్రం వదిన మిషను ఆపి వినేది. ఒకడి కుక్క ఇంకొకణ్ణి కరిస్తే తప్పెవరిది, చదవకుండా సంతకం పెట్టిన కాగితం చెల్లుతుందా చెల్లదా అని ఇద్దరూ కూర మాడేదాకా వాదించుకునేవారు.

పరీక్షకు దరఖాస్తు పెట్టేటప్పుడు, కంచం, గుండీలు తెచ్చుకోవచ్చా అని అడిగింది. ఏ వస్తువులూ తేరాదని జవాబు. మా వదిన చదివిపెట్టొచ్చా అని అడిగింది. స్క్రైబ్‌ను, అంటే ప్రశ్న చదివి, చెప్పిన జవాబుకు టిక్కు పెట్టే మనిషిని, మేమే ఇస్తామన్నారు. బొమ్మల ప్రశ్నలు ఉంటాయి కదా, వాటి సంగతేమిటి అని అడిగింది. దానికి జవాబే రాలేదు.

పరీక్ష రోజున ఆమెకిచ్చిన స్క్రైబ్ పరీక్షల ఆఫీసులోనే సామాన్ల గది చూసుకునే ఉద్యోగి. సెలవు రోజున పిలిపించారని సణుగుతున్నాడు. పైగా జలుబు. ఒక మూల గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టారు. మొదటి పేరా సగం చదివి, ముక్కు చీది, "ఇది చాలా పొడుగుందండి. ఆన్సర్లు చదివేస్తా, మీకు ఏది బాగుందో చెప్పండి," అన్నాడు.

"మొత్తం చదవండి."

"టైమ్ మీదే పోతుంది మరి."

"నాదే కదా పోయేది. చదవండి."

చదివాడు. ఒకచోట 'కాదు' అన్న మాట మింగేశాడు. అర్థం తిరగబడినట్టు అనిపించి ఆమె మళ్ళీ చదివించింది. ఈసారి ఆ మాట బయటపడింది. అప్పటినుంచి ప్రతిదీ రెండుసార్లు చదివించుకోవలసి వచ్చింది. గుండ్రని బల్ల ప్రశ్నలకు గుండీలు లేవు. మోకాలి మీద వేలితో గుండ్రం గీసుకుంటూ, మనుషుల్ని మనసులోనే కూర్చోబెట్టి లేపుతూ లాక్కొచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది కానీ బయటపడింది.

ఆ తర్వాత బొమ్మలు వచ్చాయి.

"ఒక డబ్బా ఉంది," అన్నాడాయన. "అందులో బాణం. పక్క డబ్బాలో కూడా బాణమే. కానీ తిరిగింది."

"ఎటు తిరిగింది?"

"అటు."

"అటు అంటే ఎటు?"

"ఇదిగో, ఇటు." ఆయన చెయ్యి గాల్లో తిరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది.

ఆమె చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. ఒళ్ళంతా మండుతోంది. మనిషి చెడ్డవాడు కాదు. ఎలా చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పాలని ఆ ఆఫీసులో ఒక్కరికీ తోచలేదు. పర్యవేక్షకురాలిని పిలవమంది. చెప్పుల టకటకతో ఒకావిడ వచ్చింది.

"ఈ ప్రశ్నలు నాకు చేరే దారి లేదండి. వీటిని వదిలేసి మిగతావాటి మీద మార్కులు లెక్క వేయండి. లేదా నాకు వీటిని ఇవ్వలేకపోయామని రాసివ్వండి."

"అలాంటివి కుదరవమ్మా. ఏదో ఒకటి పెట్టేయ్. నాలుగింట్లో ఒకటి తగలకపోతుందా?"

"నేను లాటరీకి రాలేదండి."

"ఇంతమంది రాస్తున్నారు, ఎవరూ ఇంత గొడవ చెయ్యలేదు," అంది పర్యవేక్షకురాలు. చెప్పుల చప్పుడు వెళ్ళిపోయింది.

ఆపరేటరమ్మ ఆ ప్రశ్నల్లో ఒక్కదానికీ గుర్తు పెట్టించలేదు. "ఒక్కటైనా గుడ్డిగా కొట్టండి," అనేశాడు స్క్రైబ్. అని, నాలుక కరుచుకున్నాడు. మొత్తం పరీక్షలో ఆమెకు నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

ఫలితాల్లో మంచి మార్కులే వచ్చాయి. ఊళ్ళో పేరున్న పాత లా కాలేజీలో సీటు మాత్రం వెంట్రుకవాసిలో తప్పింది. ఆ బొమ్మల్లో సగం కలిసినా వచ్చేదే. ఫిర్యాదు పంపింది. అభ్యర్థికి నిబంధనల ప్రకారం స్క్రైబ్ సదుపాయం కల్పించినందున అన్యాయం జరగలేదని జవాబు. మళ్ళీ పంపింది. అదే జవాబు, తేదీ మార్చి.

అప్పుడు ఫోను అందుకుంది. అటు పక్క పరీక్షల ఆఫీసులో లైన్లు కలిపేదీ ఒక ఆడమనిషే. కొన్నిసార్లు వరుసగా, "సార్ మీటింగులో ఉన్నారు" అంది. ఆ మాట తాను పదేళ్ళుగా ఎందరికి చెప్పిందో ఆపరేటరమ్మకు తెలుసు.

"ఎంతసేపైనా లైన్లోనే ఉంటానమ్మా. మీటింగు ఎంతకీ అవదని నాక్కూడా తెలుసు. నాదీ ఇదే పని," అంది. విషయం మొత్తం చెప్పింది.

"నేను కలిపానని చెప్పకండి," అంది అవతలి గొంతు.

లైన్లోకి వచ్చిన పరీక్షల డైరెక్టరు తియ్యగా మాట్లాడాడు. "మీలాంటివాళ్ళ పట్టుదల చూస్తే నిజంగా ముచ్చటేస్తుందమ్మా."

"ముచ్చట తర్వాత పడుదురుగాని సార్. నాకు చూపించలేని ప్రశ్నకు నా మార్కులెలా కోస్తారో చెప్పండి."

"రూల్స్ అందరికీ ఒకటే కదమ్మా."

"ప్రశ్నలు అందరికీ ఒకటి కాలేదు సార్."

ఇంకో కాల్ వస్తోందని ఆయన పెట్టేశాడు.

మిగిలిన కాలేజీలకు దరఖాస్తులు పెట్టారు. ఒక ప్రైవేటు కాలేజీలో ప్రిన్సిపాలు, అచ్చం ఆ లాయరులాగే, వదినవైపు తిరిగి, "ఆవిడ మెట్లెక్కగలరా?" అన్నాడు.

"నాకు మోకాళ్ళ నొప్పులండి, నేనే ఎక్కలేను," అంది వదిన. "ఆవిడ సంగతి ఆవిణ్ణే అడగండి."

ఆయన ఇబ్బందిగా నవ్వి, ఒక కాగితం ముందుకు తోశాడు. ఆవరణలో ఎక్కడ పడ్డా, దెబ్బ తగిలినా కాలేజీకి బాధ్యత లేదని ఆమె ఒప్పుకోవాలట. మిగతా విద్యార్థులు కూడా సంతకం పెడతారా అని ఆపరేటరమ్మ అడిగింది. వాళ్ళకి అవసరం లేదన్నాడు. అయితే నాకూ లేదని లేచి వచ్చేసింది. బస్సులో వదిన మొదటిసారి కోప్పడింది. "ఒక్క సంతకం అమ్మడూ! సీటు చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. అందరి మీదా పళ్ళు నూరుకుంటూ పోతే చదివేదెప్పుడు?" ఆపరేటరమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటికి వచ్చాక ఆ పూట ఇద్దరూ వేర్వేరుగా భోంచేశారు. తప్పు చేశానేమోనని ఆమెకు రెండు రోజులు నిజంగానే అనిపించింది.

చివరికి చేర్చుకున్నది ఒక సాయంత్రం కాలేజీ. ఫర్నిచర్ షాపు పైన మూడు గదులు, పేరూ ప్రతిష్ఠా అంతంత మాత్రం. దాన్ని నడిపే పెద్దావిడ ఆపరేటరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూపులేని స్టూడెంటు మాకు ఇదివరకు లేరు. మీకేం కావాలో మాకు తెలీదు. మీరే చెప్పండి, నేను రాసుకుంటా."

బిగించి పట్టుకున్న కర్రను ఆపరేటరమ్మ గోడకు ఆనించింది. పోట్లాడటానికి సిద్ధమై వచ్చింది మరి. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. పాఠాలు ఫోటోలుగా కాకుండా అక్షరాలుగా పంపాలి. బోర్డు మీద ఏం రాసినా పైకి చదవాలి. పరీక్షల్లో మనిషిని తానే తెచ్చుకుంటుంది. పెద్దావిడ అన్నీ రాసుకుని, "మా సార్లకి బోర్డు మీద రాస్తూ గొణిగే అలవాటుంది. వాళ్ళకీ మంచిదే," అంది.

పగలు ఆసుపత్రి, సాయంత్రం క్లాసు. అలా ఏడాది తిరిగేసరికి పరీక్షల ఆఫీసు కొత్త ప్రకటన వేసింది. చూపులేని అభ్యర్థులకు ఇకపై బొమ్మల ప్రశ్నలు ఉండవు, మిగతావాటి మీదే మార్కులు లెక్కిస్తారు. వదిన మిషను దగ్గర్నుంచి లేచి పరుగున వచ్చి చదివింది. అన్నయ్య చెల్లెలి భుజం తట్టాడు.

"గెలిచావే," అన్నాడు.

"మొదటి లైను మళ్ళీ చదువు వదినా."

వదిన చదివింది. "చూపులేని అభ్యర్థుల పరిస్థితిని మానవతా దృక్పథంతో పరిశీలించి, దయతో..."

"చాలు."

"ఇప్పుడు మళ్ళీ కోపమెందుకు?" అన్నాడు అన్నయ్య. "నువ్వడిగిందే ఇచ్చారు కదా?"

"తప్పు చేశామని ఎక్కడైనా ఉందా అన్నయ్యా? నా మార్కులు తిరిగి ఇస్తామని ఉందా? తప్పు వాళ్ళది. దాన్ని దిద్దుకుని దయ అని పేరు పెట్టుకున్నారు. రేపు దయ రాకపోతే వచ్చే ఏడాది రాసే పిల్లలు ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

అన్నయ్య ఆ ప్రకటనను తానూ ఒకసారి చదువుకున్నాడు. చెల్లెలి మాటకు ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర ఎప్పుడూ పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఈసారి మాత్రం చెప్పాలనీ అనిపించలేదు.

"కోర్టుకెళ్తావా?"

"మా కాలేజీ మేడమ్‌తో మాట్లాడాను. కేసు వేద్దామంటోంది."

పిటిషను వేశారు. అది ఇంకా నడుస్తోంది. వాయిదాకు వెళ్ళాలంటే ఆసుపత్రిలో సెలవు అడగాలి. పెద్ద డాక్టరు ముఖం చిట్లించుకుంటాడని ఆయాలు చెబుతారు, ఆమె ముందు మాత్రం కిక్కురుమనడు. పాత కాలేజీ సీటు ఇక వచ్చినా ఆమె వెళ్ళదు, ఆ మాట అందరికీ చెప్పింది. మొన్న వాయిదాలో పరీక్షల ఆఫీసు తరఫు లాయరు, అభ్యర్థి మీద సానుభూతితోనే మార్పు చేశామని వాదిస్తుంటే, వెనక బెంచీలో కూర్చున్న ఆపరేటరమ్మ చెయ్యి వదిన చేతిని గట్టిగా నొక్కింది. వదిన చెవి దగ్గరికి వంగి, "లేవకు, ఇంకా నీ వంతు రాలేదు," అంది.