తడి చేతికి పలకని పొయ్యి

2008లో నేను తెనాలిలో వంటింటి సామాన్లు అమ్మే ఒక దుకాణానికి సర్వీసు మెకానిక్‌ని. మిక్సీలు, గ్రైండర్లు, అప్పుడప్పుడే మా వైపు ఇళ్ళలోకి వస్తున్న ఇండక్షన్ స్టవ్‌లు నా పరిధి. ఒకరోజు బాపట్ల, ఇంకోరోజు రేపల్లె, మధ్యలో చుట్టుపక్కల ఊళ్ళు. సంచిలో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, భోజనం డబ్బా పెట్టుకుని పొద్దున్నే రైలెక్కేవాణ్ణి.

ఇండక్షన్ స్టవ్ అంటే మంట లేకుండా కరెంటుతో గిన్నె అడుగునే వేడెక్కించే పొయ్యి. అప్పట్లో రెండు రకాలు వచ్చేవి. ఒకదానికి నొక్కే బటన్లుంటాయి. రెండోది టచ్ ప్యానెల్, అంటే నున్నటి గాజు మీద గుర్తులు వేసి ఉంటాయి, వేలు ఆనిస్తే చాలు. బటన్ల రకంతో నాకు విరోధం. పాలు పొంగినా, పిండి ఒలికినా సందుల్లోకి దిగి గట్టిపడుతుంది. విప్పితే బొద్దింకలు పిల్లాపాపలతో కాపురం చేస్తుండేవి. టచ్‌లో సందే లేదు, ఒక్క తుడుపుతో శుభ్రం.

అలాగని టచ్ రకం మహా బుద్ధిమంతురాలేమీ కాదు. కొల్లూరులో కృష్ణ లంకల్లో సాగు చేసే ఒక రైతు వేలు పెడితే పొయ్యి వెలిగేది కాదు. జీవితమంతా పార పట్టిన చేతులు, వేళ్ళు కాయలు కాసి చెక్కలా అయిపోయాయి. గాజు కింద ఉండే సెన్సర్ అలాంటి చర్మాన్ని వేలుగా గుర్తించదు. చివరికి ఆయన చిటికెన వేలితో వెలిగించడం నేర్చుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ఆ వేలిని అల్లుడుగారని పిలిచేవారు, పనీపాటా లేకుండా మెత్తగా ఉందని.

ఇలాంటివి నవ్వుకుని మర్చిపోయేవి. బాపట్ల కేసు అలాంటిది కాదు.

బాపట్లలో శాస్త్రిగారని ఒక పురోహితుడు ఉండేవారు. సొంత ఇంట్లో తద్దినం పెట్టుకునే వీలు లేనివాళ్ళు, అంటే అద్దె ఇళ్ళవాళ్ళు, ఉద్యోగాలవాళ్ళు, ఆయనింటికి వచ్చి ఆ కార్యం జరిపించుకునేవారు. మంత్రం ఆయనది, వంట ఆయన భార్య విశాలాక్షిగారిది. కట్టెల పొయ్యి పొగకి ఆవిడకి ఆయాసం వస్తోందని మా దుకాణంలో టచ్ ప్యానెల్ స్టవ్ కొన్నారు. కొన్న కొద్ది రోజులకే ఫోన్ వచ్చింది, వంట మధ్యలో దానంతట అదే ఆగిపోతోందని.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. వంట అయిపోయి, పొయ్యి తుడిచి వసారాలో పెట్టి ఉంది. వోల్టేజి చూశాను, బాగానే ఉంది. గిన్నె అడుక్కి అయస్కాంతం అంటుకుంటోంది, అంటే గిన్నె కూడా సరైనదే. నీళ్ళు పెట్టి కాచాను. పొయ్యి ఒక్కసారీ ఆగలేదు. వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. ఈసారి టచ్ బోర్డు మార్చి, అరగంట కూర్చుని చూశాను. మళ్ళీ బాగానే పనిచేసింది. నేను వచ్చేశాక మళ్ళీ ఆగిపోయింది.

మూడోసారి ఫోన్‌లో శాస్త్రిగారి గొంతు తగ్గి ఉంది.

"మెషీన్‌లో లోపం లేదంటున్నావు కదయ్యా. మరి ఆవిడ చెయ్యి పెడితేనే ఎందుకు ఆగుతోంది?"

"కనుక్కుంటానండి, ఏదో కారణం ఉంటుంది."

"మొన్న కారంచేడు నుంచి వచ్చినాయన, గారెలు వేస్తుండగా పొయ్యి ఆగిపోతే, మా నాన్నగారికి ఈ వంట ఇష్టం లేదేమో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది విన్నప్పట్నుంచీ ఈవిడ సరిగ్గా తినటం లేదు."

ఆయన అసలు సంగతి చివర్లో చెప్పారు. పై వారం ఆయన తల్లిగారి తద్దినం. ఆ రోజు కూడా పొయ్యి ఆగితే బాగుండదని, వంటకి రేపల్లె నుంచి ఒక బంధువుని రమ్మన్నారట.

మర్నాడు పొద్దున్నే బాపట్ల వెళ్ళాను. వసారాలో విశాలాక్షిగారు కూరలు ముందేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించారు.

"దాన్ని తీసుకెళ్ళిపో నాయనా. దాని తప్పేం లేదు, నా చెయ్యే మంచిది కాదు."

"చేతిదేముందండి పిన్నిగారూ. ఇది యంత్రం."

"పాతికేళ్ళు మా అత్తగారికి నేనే వండి పెట్టాను. మంచాన పడ్డాక కూడా ఇంకొకళ్ళ చేతి ముద్ద ముట్టలేదు ఆవిడ. ఇప్పుడు ఆవిడ తద్దినానికి ఇంకెవరో వండుతారంట. ఆవిడకే నా చెయ్యి అక్కర్లేదేమో."

ఆవిడ ఏడవలేదు. వంకాయ కోస్తూ మామూలుగానే అన్నారు. అప్పుడు నాకు తట్టింది, ఈ పొయ్యి ఆగిపోవడం నేను ఒక్కసారైనా కళ్ళారా చూడలేదని. అందుకు కారణం ఉంది. తద్దినం వంట మడితో చెయ్యాలి. స్నానం చేసి, తడి చీర కట్టుకుని, ఎవరినీ తాకకుండా వండాలి. మడి కట్టుకోనివాళ్ళు ఆ వంటింటి గడప దాటకూడదు, శాస్త్రిగారైనా సరే. అందుకే ప్రతిసారీ నన్ను వంట అయ్యాకే రమ్మనేవారు.

"పిన్నిగారూ, ఇవాళ మడి కట్టుకుని వండండి. నేను గడప ఇవతలే నిలబడి చూస్తాను."

"గడప దాటకపోతే నాకేం అభ్యంతరం లేదు," అని లేచారు.

ఆవిడ బావి దగ్గర స్నానం చేసి తడి చీరతో వంటింట్లోకి వెళ్ళారు. ముందుగా పొయ్యి మీద చెంబుతో నీళ్ళు చల్లి చేత్తో తుడిచారు. నేను ముట్టుకున్న వస్తువు కదా, శుద్ధి చెయ్యాలి. అంటే నేను రిపేరు చేసి వెళ్ళిన ప్రతిసారీ అది తడిసేదన్న మాట. తర్వాత పప్పు పెట్టారు. గిన్నె ముట్టుకుని చెయ్యి కడుక్కున్నారు. ఉప్పు వేసి కడుక్కున్నారు. అదే చేత్తో వేడి పెంచే గుర్తు మీద వేలు ఆనించారు. వేలి చివర నుంచి జారిన నీళ్ళు ఆ గుర్తుకీ పక్క గుర్తుకీ మధ్య సన్నగా పరుచుకున్నాయి. పొయ్యి బీప్‌మని ఆగిపోయింది.

ఆవిడ నా వైపు చూశారు. నేను చూస్తున్నది ఆవిడ చేతిని కాదు, గాజు మీద నీళ్ళని.

కారణం చెప్పాలంటే చిన్నదే. గుర్తుల మీద నీళ్ళు పరుచుకుంటే సెన్సర్‌కి అది ఒకేసారి చాలా వేళ్ళు పడ్డట్టు ఉంటుంది. ఏదో ఒలికిందనుకుని భద్రత కోసం పొయ్యి ఆగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ గుణం చాలా మంచిది. మడి వంటింట్లో మాత్రం కొంప ముంచింది. నేను వచ్చే వేళకి అన్నీ ఆరిపోయి ఉండేవి, నా చేతులు పొడి.

"తుడుచుకుని ముట్టుకుంటే చాలండి," అన్నాను.

"దేనితో తుడుచుకోను? ఒంటి మీద ఉన్నదే తడి."

నా సంచిలో ఉతికిన గుడ్డ ఉందన్నాను. నేను ముట్టుకున్న గుడ్డ మడికెలా పనికొస్తుందని ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నేనూ తేలికపడ్డాను. సందుల్లేని ఈ పొయ్యి వద్దనుకుంటే బటన్ల రకం మార్చి ఇప్పిస్తానని కూడా చెప్పాను.

"సందుల్లో మెతుకులు ఇరుక్కునేది నాకొద్దు. ఇది శుభ్రంగా తుడవచ్చనే కదా కొన్నది," అంటూ ఆవిడ పైకి చూశారు.

వంటింట్లో దూలానికి దగ్గరగా దండెం ఉంది. ఎవరూ తాకకుండా ఉతికి ఆరేసిన మడిబట్టలు దాని మీద ఉన్నాయి. అలా ఆరినవి పొడిగా ఉన్నా మడికి పనికొస్తాయి. ఆవిడ కర్రతో ఒక తువ్వాలు కిందికి తీసి, గాజు మీది నీళ్ళు ఒత్తి, వేలు తుడుచుకుని గుర్తు మీద ఆనించారు. పొయ్యి వెలిగింది. పప్పు ఉడికేదాకా ఆగలేదు.

రేపల్లె బంధువుకి రానక్కర్లేదని శాస్త్రిగారే ఫోన్ చేశారు.

తల్లిగారి తద్దినం రోజున నన్ను రమ్మన్నారు. ఏమైనా అయితే చూస్తానని వసారాలో కూర్చున్నాను. లోపల గారెలు వేగుతున్న చప్పుడు, మధ్యమధ్య పొయ్యి బీప్. బీప్ వినపడినప్పుడల్లా శాస్త్రిగారు మంత్రం ఆపి గడప వైపు చూశారు. ప్రతిసారీ లోపల్నుంచి, "నేనే తగ్గించానండి," "నేనే పెంచానండి," అని జవాబు వచ్చింది. చివరికి "నేనే కట్టేశానండి. విస్తళ్ళు వేయించండి," అన్నారు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఏ ఇంటికి వెళ్ళినా యంత్రం విప్పేముందు, దానితో రోజూ ఏం చేస్తారో అలాగే చేసి చూపించమంటాను. నా చేతిలో బాగా పనిచేయడం దేనికీ రుజువు కాదు. దుకాణంలో టచ్ స్టవ్ డెమో ఇచ్చేటప్పుడు ముందు చెయ్యి నీళ్ళలో ముంచి, ఆ తడి వేలితోనే గుర్తు ముట్టుకుంటాను. పొయ్యి ఆగిపోతుంది. అమ్మేవాడివి ఇదేంటి అని కొనేవాళ్ళు నవ్వుతారు. పక్కనున్న పొడిగుడ్డ తీసుకుని తుడిచి, "ఇది ఆగితే మీ చేతిని ఏమీ అనుకోకండి," అని చెప్తాను.