రేడియో ఆపరేటర్‌కు నేను పెట్టిన పథ్యం

మారికుప్పం స్టేషన్‌లో రైలు దిగి నడిచాము. ఎదురుగాలి. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము పళ్ల మధ్య కరకరలాడింది. దిబ్బల కింద మూతపడిన కోలారు బంగారు గని తాలూకు పాత షెడ్డు, అందులో మా బెటాలియన్ సామగ్రి. మూడు నెలలు దానికి కాపలా. ఆరుగురం. ఒక రేడియో సెట్, గుమ్మం ముందు ఇసుక మూటలు. సెక్షన్ కమాండర్‌ని నేను.

మాది ముళబాగిలు దగ్గరి పల్లె. ఒకప్పుడు చుట్టుపక్కల తగాదాలన్నీ మా అరుగు మీదే తీరేవి. తోటలు పోయాయి. అరుగూ పరుల పాలైంది. మా ఇంటి మాట మీద నమ్మకం మాత్రం నాకు పోలేదు.

వానలు మొదలవగానే రేడియో ఆపరేటర్‌కు కామెర్లు వచ్చాయి. నీళ్ల ద్వారా సోకిన వైరస్ అన్నారు. విశ్రాంతి ఇచ్చి మామూలు తిండే పెట్టమన్నాడు వైద్యాధికారి. "సరే సార్" అన్నాను. షెడ్డుకు వచ్చి మా ఇంటి పథ్యం మొదలుపెట్టించాను. తెల్లని పాలిష్ బియ్యం గంజి, చక్కెర. పప్పు, కూర, నూనె, రాగిముద్ద అన్నీ బంద్.

వేమగల్ నుంచి వచ్చిన వంటవాడు గొణిగాడు. "ముద్ద లేకుండా కోలారోడు యాడైనా బతుకుతాడా సార్? ఆ గంజి చూస్తే నాకే కామెర్లు వచ్చేట్టుండాది."

"మా నాయన ఊరంతటికీ దీంతోనే నయం చేసినాడు. చెప్పింది చెయ్యి."

కళ్లలో పసుపు తగ్గింది. వాంతులు తగ్గలేదు. పథ్యం కొనసాగించమన్నాను. దగ్గర కూర్చుని నేనే తాగించాను.

"పాదాలు మండుతా ఉండాయి సార్" అన్నాడు ఒకరోజు.

"పండుకోనుంటే అట్లే అయితాది. లేచి నడువు."

కాళ్లు ఎడం చేసి, గోడ పట్టుకుని నడిచాడు.

ఒక ఉదయం హెడ్‌క్వార్టర్స్ రేడియోలో పిలుస్తోంది. హ్యాండ్‌సెట్ అతని చేతిలోనే ఉంది. జవాబు లేదు.

"ఏమప్పా, పిలుస్తా ఉండారు కదా!" అన్నాడు వంటవాడు.

ఆపరేటర్ నా వైపు చూశాడు. "సార్... మీరు ఇద్దరుండారు."

"ఒగ సారుతోనే ఏగలేకుండాము. ఇంగొకరా!" అన్నాడు వంటవాడు.

అందరం నవ్వాము. దగ్గరికి వెళ్లాను. అతని కనుపాపలు అటూ ఇటూ వణుకుతున్నాయి. హ్యాండ్‌సెట్ తీసుకుని వాహనం పంపమన్నాను.

కోలారు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తింటున్నాడని అడిగింది. చెప్పాను. ఎన్నాళ్లుగా అంది. ఐదు వారాలన్నాను.

"వైరస్ తగ్గిపోయిందప్పా. వాంతులు, దానిమీద ఉత్త గంజి. ఒంట్లో బి వన్ విటమిన్ అయిపోయినాది. అందుకే నరాలు, మెదడు దెబ్బతిన్నాయి. ఎవరు చెప్పినారు ఈ పథ్యం?"

"నేను."

ఇంజెక్షన్లతో చూపు కుదుటపడింది. కాళ్లకు నెలలు పట్టింది. కొత్త సంగతులు మాత్రం అతని తలలో నిలవలేదు. ఉదయం చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. సైన్యం ఇంటికి పంపేసింది. తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి నా చేతులు పట్టుకుంది.

"బిడ్డ మాదిరి చూసుకొన్నారంట సార్. పక్కన కూర్చోని తాగించినారంట."

డాక్టరమ్మకు చెప్పింది ఆమెకు చెప్పలేదు.

కాపలా ముగిసింది. తరువాత నౌకరీ కూడా ముగిసింది. ముళబాగిలు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ కళ్లు మూస్తే అతనికి నేను ఇద్దరుగా కనిపించిన ఆ ఉదయమే. అతన్ని వాహనంలోకి ఎక్కిస్తున్నారు. పట్టుకున్నవాళ్లను విదిలించుకుని, మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ చేశాడు. నాకు కాదు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటికి. నేను బదులు సెల్యూట్ చేశాను. అతను చూడలేదు. అటే చూస్తూ, చెయ్యి దించకుండా నిలబడి ఉన్నాడు.