గోడ పలికేదాకా

మా నరసరావుపేట నాటకాల హాలులో పాడేవాళ్లు పద్యం చివర రాగం తీసి, ఒక్క క్షణం ఆగేవారు. మరిచిపోయి కాదు. గొంతు వెళ్లి వెనక బాల్కనీ గోడకు తగిలి మళ్లీ వేదిక మీదికి వచ్చేది. అది వచ్చి సద్దుమణిగాకే తరవాతి మాట ఎత్తాలి. తొందరపడితే రెండు గొంతులూ కలిసి ముద్దయిపోయేవి. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పేరున్న నటులు కూడా మొదటిసారి అక్కడ తడబడేవారు. ముందు వరసలోని మిరపకాయల వ్యాపారులు నవ్వుకుంటూ, "ఆగవయ్యా సామీ, గోడని గూడా పలకనీ" అని కేకేసేవారు.

మా పెద్దమ్మ ఆ గోడ దగ్గరే ఆగడం నేర్చుకుంది. అమ్మకు అక్క ఆమె. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మాది చర్చి కుటుంబం. ఆదివారం పొద్దున కీర్తనలు పాడే మనిషి శనివారం కిరీటం పెట్టుకుని పౌరాణిక నాటకంలో రాణి కావడం సంఘంలో కొందరికి మింగుడు పడలేదు. "దేవుడిచ్చిన గొంతమ్మా అది" అని ఒక పెద్దాయన మందలించాడట. "ఆయనే ఇచ్చాడు గదయ్యా, యాడ వాడతానో ఆయనకి తెలవదా ఏంది?" అని ఈమె తిరిగి అడిగిందట. ఆ పెద్దాయన తరవాత టికెట్టు కొనుక్కుని వచ్చి, వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాడని మా ఇంట్లో చెప్పుకునేవారు.

హాలును ఊరే కట్టుకుంది. పంట అమ్ముకున్న రైతులు, కొట్ల వాళ్లు, ప్లీడర్లు తలా కొంత వేశారు. గుమ్మానికి అటూ ఇటూ వీణ పట్టుకున్న బొమ్మలను దుర్గి శిల్పులు చెక్కారు. వేదిక టేకు చెక్కది. నాటకాలు, హరికథలు, నవమికి పాట కచేరీలు, అన్నీ అక్కడే. నేను పత్రికలో చేరాక రాసిన మొదటి వార్త ఆ హాలులో జరిగిన పద్యనాటక పోటీలదే. ఆ తరవాత అందులో చీరల ఎగ్జిబిషన్లు పెట్టారు. ఎన్నికలప్పుడు సామాను దాచారు. కప్పు కారడం మొదలైంది. 'హాలుకు మరమ్మతులెప్పుడు?' అని ఏటా వానాకాలం రాసేవాణ్ని. డెస్కులో శీర్షిక మార్చేవారు కాదు, ఫొటో ఒకటి మార్చేవారు. చివరికి తాళం పడింది. పావురాలు మిగిలాయి.

దాన్ని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతారన్న మాట ఖాయమయ్యేసరికి నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఉన్నాను. ఊళ్లో పెద్దగా ఎవరూ కాదనలేదు. కప్పు పెచ్చులు ఊడిపడుతుంటే కాదనడానికీ లేదు. కళాకారుల సంఘం మాత్రం ఒక వీడ్కోలు సభ పెడతామంది. ఆహ్వానపత్రికలో చివరి అంశం మా పెద్దమ్మ పద్యగానం.

అప్పటికి ఆమె నాటకాలు మానేసి చాలా కాలమైంది. ఆ కార్డు చేతికొచ్చిన రోజు నుంచి పెరట్లో తులసాకు నములుతూ గొంతు సరిచేసుకోవడం మొదలుపెట్టింది. రాణి కొడుకును పోగొట్టుకుని ఏడ్చే పద్యం ఒకటుంది, అది పాడాలని. ఒకటే షరతు పెట్టింది.

"మైకొద్దురా అబ్బయ్యా. మైకు పెడితే గోడ పలకదు. ఒక్కసారి నా గొంతు నాకు తిరిగి వినపడితే చాలు. ఆ తర్వాత పడగొట్టుకోనీ."

సభ శనివారం ఉదయం. వేదిక మీద కుర్చీలు చాలలేదు. నాయకులు ఒకరి వెంట ఒకరు వచ్చారు, అందరికీ జ్ఞాపకాలున్నాయి. ఒకాయన చిన్నప్పుడు గోడ దూకి వచ్చి నాటకం చూశానన్నాడు. తరవాతి ఆయన తానూ దూకానన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన, "ఇంతమంది దూకితే అది ఇన్నేళ్లు నిలబడ్డమే ఎక్కువ" అని గొణిగాడు. దండలు, మళ్లీ ఉపన్యాసాలు. మధ్యాహ్నం దాటాక పెద్దమ్మను పిలిచారు. కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక చేతిలో పెట్టారు. ఫొటోల వాళ్లు ఇటు చూడమన్నారు. ఆమె జ్ఞాపికను పక్కన పెట్టి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, హార్మోనియం ఆయన వైపు చూసింది.

"అమ్మగారి గానామృతం భోజనాల తర్వాత" అన్నాడు మైకులో సంఘం కార్యదర్శి.

మన సభల్లో భోజనాల తరవాత ఏముంటుందో అందరికీ తెలుసు. నాయకుల కార్లు వెళ్లిపోయాయి. సప్లయర్స్ వాళ్లు ఇనప కుర్చీలు దబదబా మడిచి లారీకెక్కిస్తున్నారు. శాలువా భుజాన వేసుకుని ఆమె వేదిక పక్కనే నిలబడి ఉంది. కార్యదర్శి చేతులు జోడించాడు.

"ఏమనుకోవద్దు పిన్నిగారూ, చానా ఆలస్యమైంది. పని మొదలెట్టడానికి ఇంకా టైముంది. మీరెప్పుడంటే అప్పుడు తాళం తీయిస్తా, తీరిగ్గా పాడుకుందురు."

"ఇప్పుడే పాడు పెద్దమ్మా" అన్నాను.

"ఈ గోలలో గోడకేం వినపడుద్దిరా? సోమవారం వద్దాం. నిమ్మళంగా ఉంటది."

మర్నాడు పత్రికలో ఆమె ఫొటో వచ్చింది, గొంతు సవరించుకుంటున్నప్పటిది. నోరు తెరిచి ఉంది. కింద 'పద్యగానంతో అలరిస్తున్న సీనియర్ కళాకారిణి' అని రాశారు. ఆహ్వానపత్రిక చూసి రాసిన వార్త అని నాకు చదవగానే తెలిసింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివి, "చూశావంట్రా, పాడానంట" అంది. నవ్విందో ఏమో, మొహానికి కాగితం అడ్డముంది.

సోమవారం ఆటోలో వెళ్లాం. వీధి మలుపులోనే దుమ్ము కనిపించింది. సత్తెనపల్లిలో పని ముందే అయిపోయి, కూలగొట్టే యంత్రం ఆ పొద్దున్నే వచ్చేసిందట. హాలు ముందు వైపు ఇరుకు వీధి, కొట్లు. యంత్రం నిలబడేందుకు చోటు వెనకే ఉంది. అందుకని వెనక నుంచి మొదలుపెట్టారు. బాల్కనీ గోడ అప్పటికే నేలమీద ఉంది.

వేదిక మాత్రం అలాగే ఉంది. డ్రైవరుకు సంగతి చెబితే మంచివాడు, ఇంజను ఆపేశాడు. "పాడండమ్మా. మీరు చెప్పిందాకా కదిలించను."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. చెక్కను తాకి కళ్లకద్దుకుంది. తలెత్తి చూసింది. గోడ ఉండాల్సిన చోట ఆకాశం, అవతల ఏదో కాలేజీ హోర్డింగు, రోడ్డు మీద పోతున్న మాచర్ల బస్సు. ఆమె పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

"వద్దులేరా" అంది చివరికి. "ఎత్తిన గొంతు అట్టనే పోద్ది, యాడా ఆగదు."

ఆటో ఎక్కాక వెనక ఇంజను మళ్లీ మొదలైంది. ఆమె శాలువా చెవుల మీదికి లాక్కుంది.

ఆ తరవాత ఆమె ఇంట్లో కూనిరాగం తీయడం కూడా వినలేదు. మొన్న గుడ్ ఫ్రైడే నాడు పాస్టరు గారు బతిమాలితే చర్చిలో ఒక పాటకు ఒప్పుకుంది. సన్నబడిన గొంతే, కానీ నిలకడగా ఉంది. మొదటి చరణం చివర రాగం పైకి తీసి వదిలింది. ఆగింది. తల కాస్త ఎత్తి, వెనక గోడ వైపు చూస్తూ నిలబడింది.

కొత్త చర్చి. ఫాల్స్ సీలింగు, నేలంతా కార్పెటు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అయిపోయిందనుకుని ఎవరో "ఆమెన్" అన్నారు, అందరూ అందుకున్నారు. పాస్టరు గారు బైబిలు తెరిచారు.

ఆమె ఇంకొంచెంసేపు అలాగే నిలబడి, వచ్చి నా పక్కన కూర్చుంది. పాటలో ఇంకా రెండు చరణాలున్నాయి.