పెద్దమ్మ అడిగిన కిటికీ

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. మీర్‌పేట నుంచి నేను ఇబ్రహీంపట్నం చేరేసరికి ఆమెను ఇంకా తన గదిలోనే పడుకోబెట్టి ఉంచారు. "కొడుకు ఏసీ రూం కట్టిచ్చిండు, అదృష్టవంతురాలు" అంటున్నాడు చుట్టాల్లో ఒకాయన. నా ఒళ్లు మండింది. చావింట్లో కోపం చూపకూడదంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఇల్లు కట్టినన్నాళ్లూ పెద్దమ్మ పక్కనే రేకుల షెడ్డులో ఉంది. పాతింటి రాళ్లు అమ్మేద్దామని ఆమె కొడుకు, అదే మా అన్న, అడిగితే "రాయి గుడ ముసల్దైందారా నా లెక్క?" అని వాటినే పునాదిలో వేయించింది. స్లాబు గట్టిపడడానికి దాని మీద మట్టికట్టలు పోసి నిలబెట్టిన నీళ్లను వదిలే రోజు, రోడ్డు పాలు కానివ్వకుండా పైపు పట్టి కొత్తగా కట్టిన ప్రహరీగోడ తడిపించింది. బోరు ఊరికే నడిస్తే ఎవర్నీ వదిలేది కాదు. "మనకొక్కలకే నీళ్ల దూపైతదా? భూమికి గాదా?" అనేది.

తన గదికి ఆమె కోరింది ఒక్కటే, దక్షిణాన పెద్ద కిటికీ. ఎండాకాలం సాయంత్రాలు గాలి అటునుంచే వస్తుంది. పెట్టించారు కూడా. ఆమె మాట విని నేనూ మా వంటగదికి తూర్పున కిటికీ పెట్టించుకున్నాను. పగలు లైటు వేసే పనే లేదు, అంతా ఆమె పుణ్యం.

ప్లాస్టరింగ్ అయ్యాక వాస్తు చూసే ఆయన వచ్చాడు. నైరుతి గదికి దక్షిణాన కిటికీ ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకు గండం అన్నాడు. అన్న "నీ మంచికేనే అమ్మా" అంటూ కిటికీ పీకించి ఇటుకలతో మూయించాడు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నరు గని, కట్టినంక కూలగొట్టి చూడుమని ఎవ్వలన్లేదు బిడ్డా" అంది పెద్దమ్మ నాతో.

ఆ గోడకే ఏసీ బిగించారు. వేస్తే ఆమెకు మోకాళ్లు లాగేవి, ఆపితే ఉక్క. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. "బయట గాలి ఉత్తగనే కొడ్తుంది. లోపలికి రానీకి కరెంటు గావాల్నా? జర మీ అన్నకు చెప్పు, గా కిటికీ తెరిపియ్యమను" అని వెళ్లినప్పుడల్లా అడిగేది. నేను చెబుతూనే ఉన్నాను. "వచ్చే ఏడు చూద్దాం తియ్" అంటూనే ఉన్నాడు అన్న.

కిటికీ లేకే పోయిందని నేననను. గుండె ఆగిందన్నారు దవాఖానలో. కానీ తన జాగాలో, తన రాళ్ల మీద లేచిన ఇంట్లో కాసింత గాలి అడిగి, అది దొరక్కుండానే పోయింది. గండం తప్పించామన్నవాళ్లు ఇప్పుడేమంటారు? ఇక్కణ్ణుంచి కొంగరకలాన్ దాకా లేస్తున్న కొత్త ఇళ్లు చూడండి. గాలి రాకుండా కట్టుకుని, చల్లదనం కోసం మిషన్లు కొంటున్నారు. సిగ్గుండాలి మనకు.

మధ్యాహ్నం ఆమెను వాకిట్లోకి తెచ్చారు. దక్షిణం వైపు నుంచి గాలి వచ్చి, నుదుటి మీది తెల్ల వెంట్రుకలు కదిలాయి. వదిన వంగి వాటిని సర్ది, మొహం మీద గుడ్డ కప్పబోయింది. అన్న వదిన చెయ్యి పట్టి ఆపాడు.

"ఉండనియ్," అన్నాడు. "జర గాలి తగలనియ్."