అంచులోకి వచ్చిన గోడ

నిన్న పక్కింటి పెళ్లివారు పంపిన కలాకంద్ ముక్క మీది వెండి వరఖ్, ఆ పలచని రేకు, నా చూపుడువేలికి అంటుకుంది. కడుక్కోబుద్ధి కాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి వేలిని వెలుతురుకు తిప్పి చూస్తూ, నాకు తెలియకుండానే దాని మీద ‘హా’ అని ఊదాను. అలా ఊదడం నేర్పింది రజియా ఆపా. మా జహీరాబాద్ ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు; అందరం ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లం. ఆవిడను చూడనివాళ్లకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలంటే, మా ఊళ్లో ఆవిడ పెట్టిన బొమ్మల ప్రదర్శన గురించి చెప్పాలి.

ఆపా వాళ్ల నాన్న హైదరాబాదులో చేతిరాత పుస్తకాలకు అంచులు వేసేవారట. పేజీ నడుమ రాత, చుట్టూ పూలూ తీగలూ, బంగారు రేకు. ఆ అంచునే హాషియా అంటారు. మా చేత కూడా ఆపా ఎప్పుడూ అంచు నుంచే మొదలుపెట్టించేవారు. “నడుమ జాగా ఖాళీగ ఉండనీ బేటా. అది వచ్చేటోళ్లకు,” అనేవారు. మాకు బంగారం ఎక్కడిది? మిఠాయి దుకాణం నుంచి వెండి వరఖ్ తెచ్చి అతికించి, దాని మీద కుంకుమపువ్వు నానిన నీళ్లు పలచగా పూసేవాళ్లం. ఎండ పడితే బంగారంలాగే మెరిసేది. అతికించడమే కష్టం. కాగితం మీద పూసిన తుమ్మబంక ఆరాక దాని మీద నోటి ఆవిరి ఊదాలి. అది కాస్త మెత్తబడగానే ఊపిరి బిగబట్టి రేకు దించాలి. నేను మొదటి నుంచీ బిగబట్టుకునే కూర్చునేదాన్ని. రేకు అంటుకునేది కాదు. “ముందుగాల ఊపిరియ్యి మాణెమ్మా. బిగబట్టుడు తర్వాత,” అని నవ్వేవారు.

నేను అన్నిచోట్లా అంతే. హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు నా బెంచీ దాటేది కాదు. ఒక్క మాట అనాల్సిన చోట అనలేక, ఇంటికి వచ్చి డైరీలో పేజీలు నింపేదాన్ని. మిగతా టీచర్లు ‘గట్టిగా చెప్పు’ అనేవారు. ఆపా ఒక్కరే నేను గీసింది చేతిలోకి తీసుకుని, “అచ్ఛా, గిదా నీ మాట,” అనేవారు. వారంలో ఆ ఒక్క గంటే నేను మాట్లాడినట్టు ఉండేది.

ఆ గంటకే ముప్పు వచ్చింది. బడి కమిటీ పెద్దాయన ఒకరోజు క్లాసులోకి వచ్చి, మా కాగితాలు చూసి, “బొమ్మలు గీస్తే ఏమొస్తదమ్మా? ఈ గంట కుట్టుపనికిస్తే ఇంట్లన్న పనికొస్తది,” అన్నాడు. డ్రాయింగ్ తీసేస్తే ఆపాకు మా బడిలో పనే ఉండదు. ఆవిడ తలపై కొంగు సర్దుకుని, “ఒక్క ప్రదర్శన పెట్టనియ్యుండ్రి సాబ్. చూసినంక మీ ఇష్టం,” అన్నారు. ఆయన సరేనన్నాడు.

అప్పటికి బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయి ఎంతోకాలం కాలేదు. రాష్ట్రం మారినా రైలు మారలేదు, ప్రదర్శన పని మీద అదే రైల్లో బీదర్ వెళ్లాం. బహమనీల కాలపు కమానుల ఫోటోలు తీయించి, ఒక్కొక్క దాని చుట్టూ అదే గోడ మీది పూలతో హాషియా వేయాలని ఆపా ఆలోచన. ఫోటోలకు స్టూడియో బాబూరావు, పిల్లల్ని చూసుకోవడానికి బడి ఆయా బాలమ్మ, నన్ను ఒంటరిగా పంపనని మా అవ్వ కూడా వచ్చారు. మేం పాత మదర్సా గోడ దగ్గర కూర్చుని నీలి పలకల మీది పూలనూ, ఒక్కొక్క కమాను చుట్టూ ఉన్న తీగలనూ కాగితాల మీదికి దింపుకున్నాం. ఆపా మా మధ్యే తిరుగుతున్నారు. ఏయే కమానులు తీయాలో చెప్పి బాబూరావును ఆయన దారిన వదిలేశారు.

వారం తర్వాత ఫోటోలు వచ్చాయి. కవరులోంచి ఒక్కొక్కటీ తీస్తుంటే ఆపా మొహం వాడిపోయింది. ప్రతి కమాను నడుమా ఒక మనిషి. సద్దిమూట పట్టుకున్న బాలమ్మ. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్న మా అవ్వ. రైల్లో మాతో వచ్చిన మా ఊరి జామపండ్ల సాయన్న, గంపతో సహా. వాళ్ల వెనక ఉన్న నగిషీ అంతా మరుగున పడిపోయింది.

“గోడ తియ్యమంటి కద భాయ్,” అన్నారు ఆపా.

బాబూరావుకు ఆశ్చర్యం వేసింది. “మనిషి లేని ఫోటో ఏం ఫోటో బాయీ? ఖాళీ గోడకు ఎవలన్న పైసలిస్తరా? స్టూలు గూడ నేనే మోసుకపోయిన.”

మళ్లీ బీదర్ వెళ్లే వీలు లేదు. ఆపా ఆ ఫోటోలను బల్ల మీద వరసగా పరిచారు. ఉన్నట్టుండి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. “పాత కితాబులల్ల కమాను కింద సుల్తాన్ కూసుంటడు మాణెమ్మా. మనకు బాలమ్మ దొరికింది. అంతే ఫరక్.” అప్పుడే పని మార్చేశారు. మనిషి వెనక ఏ పువ్వు దాగిందో, దాన్ని మేం దింపుకొచ్చిన కాగితాల్లో వెతికి, అంచులో పెద్దదిగా, నీలిమందుతో, వరఖ్‌తో వేయాలి. మా అవ్వ ఫోటో నాకిచ్చారు.

ప్రదర్శన రోజు పొద్దున హాల్లోకి ఎవరూ రాలేదు. హెడ్మిస్ట్రెస్ రెండుసార్లు తొంగిచూసి వెళ్లారు. అంతలో బాలమ్మ తన గల్లీ మొత్తాన్ని వెంటేసుకుని వచ్చింది. “చూడుండ్రి, నన్ను సుల్తాను జాగల కూసోబెట్టిన్రు.”

“మూట ఇడువకపోతివి సుల్తానమ్మా,” అన్నారెవరో.

“ఇడిస్తే కోతులు ఎత్కపోవా?”

సాయన్న పండ్లబండిని గేటు దగ్గర వదిలేసి వచ్చాడు. న్యాల్‌కల్ నుంచి అతని బావమరుదులు, మా ఇంటి నుంచి అవ్వ వచ్చారు. మనుషులను చూడ్డానికి వచ్చినవాళ్లు మెల్లగా అంచుల మీదికి వంగారు. వేలితో తీగ వెంట పోయారు. హాలు నిండిపోయింది.

కమిటీ పెద్దాయన వచ్చి సరిగ్గా మా అవ్వ ఫోటో ముందు ఆగాడు. “ముసలమ్మ మంచిగనే ఉన్నది. గని అసలు నగిషీ ఎనక పడిపాయె. ఇగ చూసేటిదేమున్నది?” అన్నాడు. ఆపా నా వైపు చూసి, తన అరచేతి మీద ‘హా’ అని ఊదుకున్నారు.

నేను ఊపిరి వదిలాను.

“పడిపోలేదు సార్. అవ్వ ఎనకున్నది అంచులకొచ్చింది,” అన్నాను. నా గొంతు అవతలి గోడ దాకా వెళ్లింది. తామర పువ్వు ఆమె తల వెనకదనీ, ఈ తీగ ఆమె భుజం దగ్గర మొదలై కమాను మీదికి పోతుందనీ చూపించాను. గోడ కట్టినవాళ్ల పువ్వుకూ మా అవ్వకూ ఒకే కాగితం మీద చోటు దొరికిందన్నాను. చెబుతూనే ఉన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని వంగాడు.

“నేనేం అడ్డం కూసున్న బిడ్డా, గంత పెద్ద గోడ ఏడికి పోతది?” అంది అవ్వ వెనక నుంచి. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి ఆపాను అడిగాడు, “మా అమ్మ ఫోటో ఒకటున్నది. దానికి గూడ గిట్ల చేస్తరా?”

“డ్రాయింగ్ క్లాసుంటే తప్పకుండ చేస్తం సాబ్,” అన్నారు ఆపా.

క్లాసు ఉంది. ఆ ఏడాది చివరికల్లా కమిటీ గదిలో ఆయన తల్లి, చుట్టూ నీలి తామరలతో, గోడకెక్కింది. ఆపా తర్వాత బదిలీ మీద హైదరాబాద్ వెళ్లిపోయారు. అదే బడిలో, అదే గంటలో ఇప్పుడు నేను పాఠం చెబుతున్నాను. క్లాసు గోడకున్న మా అవ్వ ఫోటో చుట్టూ వేసిన వరఖ్ నల్లబడుతోంది, వెండి కదా. కొత్తగా చేరిన పిల్లలు దాని ముందు నిలబడి ఆమె ఎవరని అడుగుతారు. బల్ల మీద ఆరిన బంక ఉంటుంది, చేతిలో రేకు వణుకుతూ ఉంటుంది, నలభై కళ్లు నా మీదే ఉంటాయి. నేను ముందు ఊపిరి ఇస్తాను. తర్వాత చెప్పడం మొదలుపెడతాను.