బోణీ కామెంటు

నా బ్లాగుకి కాపలా అక్కర్లేదని తీర్మానించింది నేనే. ఎవరు ఏ కామెంటు రాసినా ముందుగా నేను చూడనక్కర్లేదు, రాసిన మరుక్షణం అందరికీ కనపడాలి. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మీట నొక్కినప్పుడు, గుడివాడలో మా నాన్న బట్టల కొట్టు తలుపులు బార్లా తెరిచినంత దర్జా నాలో. వద్దన్నవాళ్ళున్నారు. "కొట్టు పెట్టాక వచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపి ఎందుకొచ్చారని అడుగుతామా?" అని వాళ్ళ నోళ్ళు మూయించాను కూడా. ఇంతకంటే తెలివితక్కువ పని ఇప్పుడు నేనుంటున్న బందరు మొత్తంలో ఎవరైనా చేసుంటే చూపించండి, పోటీకి సిద్ధం.

బ్లాగులో నా సరుకు పెద్ద గొప్పదేమీ కాదు. చేపల మార్కెట్లో బేరాలు, గుడివాడ బస్సులో కిటికీ సీటు కోసం తగాదాలు, ఎండురొయ్యలు వేయించిన రోజు పక్కింటివాళ్ళ మొహాలు. అందరి ఇళ్ళల్లో ఉండేవే, మడత పెట్టిన తీరు నాది, అంతే. మొదట్లో నేను రాసి పెట్టిన టపాలకి ఒక్క కామెంటూ లేదు. పొద్దున్నే ఫోను చూడటం, సున్నా చూసి పక్కన పడేయడం. కొట్టు తీసి కూర్చుంటే జనం మనవైపు చూడకుండా వెళ్ళిపోవడం ఎలా ఉంటుందో కొట్టువాళ్ళ పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు పడింది బోణీ. 'దివిసీమ కోడలు' అన్న పేరుతో.

"బాగుందండి. కానీ సాగదీశారు. సగానికి ఇస్తే ఇంకా బాగుండేది."

సగానికట! ఊరికే చదివి, అందులోనూ బేరమా! కానీ బోణీ బోణీయే. పొద్దున వచ్చిన మొదటి మనిషిని మా నాన్న వట్టి చేతులతో పంపేవాడు కాదు. మరీ అన్యాయంగా అడిగినా లోపల పళ్ళు నూరుకుంటూనే ఇచ్చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేసేవాడు. నేనూ "ధన్యవాదాలండి, ఈసారి తగ్గిస్తాను" అని జవాబిచ్చాను. తర్వాతి టపా ఇంకా పొడుగ్గా రాశాను, అది వేరే సంగతి.

అప్పటినుంచి ప్రతి టపాకీ మొదటి కామెంటు ఆవిడదే. "చేప మంచిదే, చింతపండు మాత్రం ఎక్కువ పోశారు." "కండక్టరు ఒకసారి విసుక్కుంటే చాలు, ఊరు చేరేదాకా విసుక్కోవాలా?" "చివరి పేరా కొసరా అండీ?" మెల్లగా ఇంకొంతమంది చేరారు. వాళ్ళంతా పొగిడేవాళ్ళు. పొగడ్త మరిగిన నాలుక్కి ఆవిడ మాటలు చేదనిపించసాగాయి.

ఆ సమయంలోనే మా నాన్న కొట్టు గురించి రాశాను. పెళ్ళిబట్టలకొచ్చిన కుటుంబం ముందు, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద, చీర వెనక చీర విప్పుతూ ఆయన కూర్చునే తీరు గురించి. రాస్తూ కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఆవిడ కామెంటు వచ్చింది:

"మీ నాన్నగారు మంచివారే. కానీ ఆ మాట మూడుసార్లు చెప్పారు. ఒకసారి చెప్పినా నమ్మేవాళ్ళం."

తగలాల్సిన చోటే తగిలింది. అప్పుడు కొట్లో నేర్చిన విద్య ఒకటి బయటికి తీశాను. గీచి గీచి బేరమాడే మనిషితో మా నాన్న వాదించేవాడు కాదు. పక్కనే కూర్చున్న పాత ఖాతాదారు వైపు తిరిగి, "మీరు చెప్పండి పిన్నిగారూ, పోయినేడు తీసుకెళ్ళిన చీర ఎలా ఉంది?" అనేవాడు. మిగతా పని పిన్నిగారే చూసుకునేది. నేనూ అలాగే తిరిగి, "మిగతావాళ్ళు చెప్పండి, నిజంగా అంత సాగిందా?" అని రాశాను.

చెప్పారు. కొట్లో పిన్నిగారు ఒక్కరే, ఇక్కడ వీధంతా లేచొచ్చింది. "నచ్చకపోతే చదవడమెందుకు?" "కోడలుగారికి వంటింట్లో పనిలేదా?" "చదువులేనివాళ్ళ చేతికీ ఫోన్లొచ్చాయి, మన ఖర్మ." నేను ఆపలేదు. ఆపకపోగా, కామెంట్లు పెరుగుతుంటే చూసుకుంటూ ఇంకో కప్పు టీ పెట్టుకున్నాను.

తర్వాతి టపాకి బోణీ పడలేదు. ఆ తర్వాతదానికీ లేదు. పొగడ్తలు వస్తూనే ఉన్నాయి, నా కళ్ళు మాత్రం ఆ పేరు కోసం వెతికేవి. చివరికి సిగ్గు విడిచి బ్లాగులోనే రాశాను: "దివిసీమ కోడలుగారూ, ఆదివారం మా బంధువుల పాపకి చెవులు కుట్టించడానికి మోపిదేవి గుడికి వస్తున్నాం. ఆ చుట్టుపక్కలుంటే కనపడండి."

పాప ఏడుపు సద్దుమణిగి అందరం ప్రసాదం తింటుంటే, నా వయసావిడే ఒకావిడ దగ్గరికొచ్చింది.

"బ్లాగు మీదేనా అండీ? కోడల్నండి. టైపు చేసేదే నేను, చెప్పేదంతా మా అత్తగారు."

మెట్టు మీద కూర్చున్న పెద్దావిడని చూపించింది. ఆవిడకి చూపు ఆనదట. అత్తాకోడళ్ళకి ఇంట్లో అన్నం పెట్టనా, మందు వేసుకున్నారా అన్నంత వరకే మాటలట. నా టపా వచ్చిన రోజు మాత్రం ఈవిడ చదవడం, ఆవిడ వంకలు పెట్టడం, ఈవిడ నవ్వడం.

"ఆ చదువులేనివాళ్ళన్న మాట దాటేద్దామనుకున్నానండి. నా గొంతు తడబడగానే పట్టేశారు. అప్పట్నుంచి ఫోను తీస్తే చాల్లే అంటున్నారు. మళ్ళీ అన్నం, మందులేనండి మాకు."

చేతిలో ప్రసాదం పక్కన పెట్టేశాను. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"సాగదీసే పిల్లవి నువ్వేనా?"

"నేనేనండీ."

"కొట్లోకొచ్చిన మనిషిని పక్కవాళ్ళ చేత తిట్టిస్తారా మీ గుడివాడలో?"

"తప్పేనండి. ఆ మాటలన్నీ తీసేస్తాను."

"తీసేస్తే నేను విన్నది పోద్దా? ఉంచు. కింద నువ్వు రాయి, ముసల్ది చెప్పింది నిజమేనని."

పుట్టుబుద్ధి ఊరుకుంటుందా? "మూడుసార్లు చెప్పానని ఒప్పుకుంటానండి. సాగదీశానని మాత్రం..."

"అదీ రాయాలి."

"పోనీ సగం..."

"నేనడిగినప్పుడు సగానికిచ్చావా? ఇప్పుడు నేనెందుకివ్వాలి?"

కోడలు పకపకా నవ్వింది. అత్తగారు అటు తిరిగి, "నవ్వింది చాల్లే, నాగాయలంక బస్సు వెళ్ళిపోద్ది. మనం చదవని రెండూ దారిలో చదువుదువుగాని, పద" అంది.

ఇంటికొచ్చి రాశాను. ఆవిడ చెప్పింది నిజం, మూడుసార్లు చెప్పాను, సాగదీశాను. కాపలా కూడా పెట్టాను, ఇప్పుడు ప్రతి కామెంటూ నేను చూశాకే కనపడుతుంది. వద్దన్నవాళ్ళకి ఆ సంగతి నేనే చెప్పుకోవలసి వచ్చింది, వాళ్ళు చాలాసేపు నవ్వారు.

ఇక బిల్లు. వాళ్ళు నా తరఫున పోట్లాడితే ఇలా ఒప్పేసుకున్నానని పిన్నిగార్లలో సగంమందికి కోపమొచ్చి మానేశారు. గేటు దగ్గర ఆగడం ఇష్టంలేక ఇంకొందరు మానేశారు. జమ వైపు ఒక్కటే ఉంది. మొన్నటి పొట్టి టపాకి పొద్దున్నే వచ్చింది: "ఈసారి ఫర్వాలేదు. మొదటి పేరా దండగ." ఆ మాటతో ఖాతా సరిపోయిందని రాసుకోబోయాను. కానీ ఆ పెద్దావిడ విన్నది విన్నదే, దానికెదురుగా వేయడానికి నా దగ్గరేమీ లేదు. నష్టమనే రాసుకున్నాను. రాసుకుని, ఆ మొదటి పేరా తీసేశాను.